గ్యారేజీ గోడకు గాడుల పలక

అమెరికాలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే కాలనీల్లో సాయంత్రం నడకకు వెళ్తే ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. వేల డాలర్ల కారు బయట ఎండలో ఉంటుంది. వందల డాలర్లు కూడా చేయని సామాను గ్యారేజీలో నీడ పట్టున ఉంటుంది. ఇండియా వెళ్ళొచ్చిన పెద్ద సూట్‌కేసులు, వాటి కడుపులో చిన్న సూట్‌కేసులు, పిల్లలకు పొట్టివైపోయిన సైకిళ్ళు, క్రికెట్ కిట్టు, బొమ్మల కొలువు పెట్టెలు, సత్యనారాయణ వ్రతం నాడు తప్ప బయటికి రాని మడత కుర్చీలు, సోనామసూరి బస్తాలు. వీటి మధ్య నుంచి వాషింగ్ మెషీన్ దాకా వెళ్ళడానికి ఒక కాలిబాట.

మా డాలస్ వైపు ఇళ్ళకు సాధారణంగా బేస్‌మెంట్ ఉండదు. అటక ఎక్కిద్దామా అంటే వేసవిలో అది పొయ్యిలా కాలుతుంది. నేల నిండిపోయాక ఇక మిగిలేది గోడే. ఆ గోడను వాడుకునే మార్గాల్లో నాకు బాగా నచ్చింది స్లాట్‌వాల్. పేరు కొత్తగా అనిపించినా అందరూ చూసిందే. సెల్‌ఫోన్ కవర్లు, బెల్టులు అమ్మే కొట్లలో గోడకు అడ్డంగా వరసగా గాడులున్న పలకలు ఉంటాయి కదా, ఆ గాడుల్లో కొక్కేలు దూర్చి సరుకు వేలాడదీస్తారు. అదే. మేకు కొడితే అది కొట్టిన చోటే ఉండిపోతుంది. గాడిలో కొక్కేన్ని మాత్రం ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ పెట్టుకోవచ్చు. గోడకు కొత్త చిల్లు పడదు.

ఆలోచిస్తే ఇది మనకు పరాయిదేమీ కాదు. చొక్కా తగిలించే చిలక్కొయ్య, పెరుగు కుండ వేలాడే ఉట్టి, పంచెలు ఆరే దండెం, దీపం పెట్టే గూడు... నేల మీద చోటు మిగుల్చుకోవడం మన పాత ఇళ్ళకు బాగా తెలుసు. తేడా అంతా గోడలోనే ఉంది.

ఇటుక గోడ కాదిది

మనం పెరిగిన ఇళ్ళలో గోడ అంటే ఇటుకో రాయో. మేకు ఎక్కడ కొట్టినా పట్టుకుంటుంది. ఇక్కడి గోడ అలా కాదు. పైకి కనిపించేది సాధారణంగా అర అంగుళం మందమున్న జిప్సం బోర్డు, అంటే కాగితం అతికించిన సుద్ద పలక లాంటిది. బరువు మోసేది దాని వెనక నిలువుగా ఉండే చెక్క దూలాలు. వీటినే స్టడ్స్ అంటారు. చాలా ఇళ్ళలో ఒక స్టడ్ మధ్య నుంచి మరో స్టడ్ మధ్యకు 16 అంగుళాలు. కొన్ని గ్యారేజీల్లో 24 ఉంటుంది. ‘టూ బై ఫోర్’ అని పిలిచినా దాని అసలు కొలత ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాలు. అంటే మనకు దొరికే గట్టి చోటు ఒకటిన్నర అంగుళం వెడల్పే. మిగతాదంతా డొల్ల.

స్లాట్‌వాల్ పలక కొన్నా, చేసినా, దాని బలమంతా ఎన్ని స్క్రూలు ఆ ఒకటిన్నర అంగుళంలో దిగాయన్న దాని మీదే ఉంటుంది. స్టడ్‌ను వెతకడానికి స్టడ్ ఫైండర్ దొరుకుతుంది. అది లేకపోయినా బలమైన చిన్న అయస్కాంతం చాలు. జిప్సం బోర్డును స్టడ్‌కు బిగించిన స్క్రూ తలలు దాన్ని లాగుతాయి. అలా రెండు మూడు ఎత్తుల్లో చూసి, నిలువు గీత గీసి, అక్కడి నుంచి 16 అంగుళాలకోసారి కొలుచుకుంటూ పోవాలి.

ఇంకో మాట. గ్యారేజీకీ ఇంటి గదులకీ మధ్య ఉన్న గోడ మీది జిప్సం బోర్డు, గ్యారేజీలో మంట లేస్తే ఇంట్లోకి పాకకుండా కాసేపు ఆపడానికి పెట్టింది. ‘ఎలాగూ చెక్క పలక వేస్తున్నాం కదా’ అని దాన్ని ఊడదీయకూడదు. పలక దాని మీదనే రావాలి.

నాన్న నూలు, అమ్మాయి భిన్నం

గత మార్చిలో ఈ పని మొదలుపెట్టేసరికి మా నాన్న మా దగ్గరే ఉన్నారు. పశ్చిమ గోదావరిలో ఒక పల్లె మాది. నాన్న వడ్రంగి. తాతయ్య కూడా అంతే. తాతయ్య రోజుల్లో రైతులు కోతల తర్వాత కళ్ళంలో కొలిచే మేర ధాన్యమే కూలి. నాన్న కాలానికి అది డబ్బు రూపంలోకి మారింది కానీ, అడిగినప్పుడు వచ్చేది కాదు. అందుకే పనిముట్ల సంచిని నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఉలికి అలవాటు పడిన చెయ్యి పుస్తకం పట్టదని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి, నేను శనివారం పొద్దున్నే గ్యారేజీలో ప్లైవుడ్ షీటు దించుతుంటే చూసి, ‘‘ఒరేయ్, ఇందుకేనా నిన్ను ఎమ్మెస్ దాకా చదివించింది?’’ అన్నారు. నవ్వుతూ అనలేదు. నేను సరదా కోసం చేస్తున్నది ఆయన నన్ను తప్పించడానికి నలభై ఏళ్ళు కష్టపడిన పని. నా దగ్గర జవాబు లేదు. ‘‘నాన్నా, ఇక్కడ డాక్టర్లూ చేసుకుంటారు’’ అని మాత్రం అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు.

ఆయన్ను కుర్చీలోంచి లేపింది మా అమ్మాయి. ఆరో తరగతి. గాడి వెడల్పు ఎంతని నేనడిగితే టేపు పెట్టి ‘త్రీ ఎయిత్స్’ అంది. నేను బడిలో సెంటీమీటర్లతో పెరిగినవాణ్ని. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నా, అంగుళాల భిన్నాలు చూస్తే మనసులో ఒకసారి లెక్కేసుకోవాలి. నాన్న మాత్రం అక్కడి నుంచే ‘‘మూడు నూళ్ళు’’ అన్నారు.

మన వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు. ప్రభుత్వం మీటర్లు తెచ్చి అరవై ఏళ్ళు దాటినా, కలప అడితీల్లో, వడ్రంగి పనిలో అంగుళమూ నూలూ పోలేదు. అమెరికా టేపు మీది గీతలూ అవే. మధ్యలో ఉన్న నాకు రాని కొలత, తాతకూ మనవరాలికీ ఇద్దరికీ వచ్చు. అప్పటిదాకా ‘తిన్నావా, పడుకున్నావా’ దగ్గరే ఆగిపోయిన వాళ్ళ మాటలు ఆ రోజు ‘అంగుళం రెండు నూళ్ళు’, ‘వన్ అండ్ టూ ఎయిత్స్’ అంటూ సాయంత్రం దాకా నడిచాయి.

ఏ చెక్క, ఏ పద్ధతి?

దుకాణాల్లో కనిపించే స్లాట్‌వాల్ ఎక్కువగా ఎండీఎఫ్‌తో చేస్తారు. చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే పలక అది. ముప్పావు అంగుళం మందంలో, నాలుగడుగులు ఎనిమిదడుగుల షీటు సుమారు తొంభై పౌండ్ల పైనే ఉంటుంది. తేమ తగిలితే ఉబ్బుతుంది. గాడి అంచులు పలచగా ఉంటాయి కాబట్టి బరువు పెరిగితే ముందు విరిగేది అవే. అందుకే బరువులు మోయాల్సిన చోట గాడుల్లో అల్యూమినియం తొడుగులు దూరుస్తారు. గ్యారేజీకి నా ఓటు ప్లైవుడ్‌కే. పొరలు అడ్డదిడ్డంగా అతికించి ఉండటం వల్ల అంచు తేలిగ్గా తెగదు.

గాడి తీయడానికి రెండు మార్గాలు. మొదటిది, టీ ఆకారపు బిట్టుతో షీటులోనే గాడులు తొలచడం. దీనికి రూటర్ కావాలి. మనవాళ్ళకు రూటర్ అంటే వైఫై డబ్బా గుర్తొస్తుంది కానీ, ఇది చెక్కను తొలిచే యంత్రం. టీ బిట్టు అడుగున వెడల్పుగా ఉంటుంది కాబట్టి మధ్యలో పైకి లాగడానికి వీల్లేదు. ఒక అంచున మొదలుపెడితే రెండో అంచు దాకా పోవాల్సిందే. ముందు మామూలు బిట్టుతో గాడి తీసి, ఆ తర్వాతే టీ బిట్టు పెట్టాలి. ఎనిమిదడుగుల పొడవున, పదిహేను సార్లు, వంకర పోకుండా చేతితో యంత్రాన్ని నడపడం కొత్తవాళ్ళ పని కాదు.

రెండోది పట్టీల పద్ధతి. షీటును సన్నని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ వెనక రెండు అంచులకూ మెట్టులా కోత పెట్టి, వరసగా గోడకు బిగించడం. రెండు పట్టీల మధ్య సందే గాడి అవుతుంది. వెనకున్న మెట్టులో కొక్కెం పై పెదవి ఇరుక్కుంటుంది. చేతిలో ఉన్న ముక్క చిన్నది, కోత చిన్నది. ఇంట్లో చేసుకునేవాళ్ళకు ఇదే మేలు.

ఒక షీటు, పదహారు పట్టీలు

కొలతలు చెబుతాను. కొక్కేలు బజార్లో దొరికేవే వాడతాం కాబట్టి, అన్నిటికంటే ముందు ఒక కొక్కెం కొని తెచ్చుకుని, దాన్ని బట్టి కొలతలు ఖాయం చేసుకోవాలి. నేను వాడినవి ఇవి.

పట్టీ వెడల్పు రెండు అంగుళాల ఐదు నూళ్ళు. సందు మూడు నూళ్ళు. రెండూ కలిపితే సరిగ్గా మూడు అంగుళాలు. బజారు స్లాట్‌వాల్‌లో కూడా గాడికీ గాడికీ దూరం మూడు అంగుళాలు ఉండటం మామూలే. వెనక మెట్టు మూడు నూళ్ళ వెడల్పు, మూడు నూళ్ళ లోతు. ముప్పావు అంగుళం చెక్కలో సగం లోతుకు కోసి సగం ఉంచుతాం.

షీటును కొట్టులోనే నిలువునా సగానికి కోయించుకుంటే రెండడుగుల వెడల్పున్న రెండు ముక్కలు వస్తాయి. మోయడం తేలిక. పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో ఈ కోత కోసిస్తారు. ఒక్కో ముక్క నుంచి ఎనిమిది పట్టీలు. ప్రతి కోతకూ రంపం తినేది ఒక నూలు అని లెక్కేసుకున్నా సరిపోతుంది. మొత్తం పదహారు. నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు గోడకు కావాల్సినవి కూడా పదహారే. ఒక్కో సగంలో చివర రెండంగుళాలకు కాస్త తక్కువ వెడల్పు ముక్క మిగులుతుంది. దాన్ని పారేయొద్దు. మెట్టు కోత సరిగ్గా వస్తోందో లేదో ముందు దాని మీదే చూసుకోవాలి. కొక్కెం అందులో దూరి, ఊగకుండా నిలబడితేనే మిగతా పట్టీల జోలికి వెళ్ళాలి.

మెట్టు కోతను ఒకేసారి పూర్తి లోతుకు కాకుండా రెండు మూడు సార్లుగా దించితే అంచు చిట్లదు. కోత అయ్యాక అంచులకు గరుకు కాగితం పట్టాలి. నాన్న ఆ పని యంత్రానికి వదల్లేదు. చిన్న చిత్రిక ఒకటి కొనిపించుకుని, పదహారు పట్టీల ముందు అంచులకూ ఒక్కో లాగు లాగారు. చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడా పేడు గుచ్చుకోదు.

గోడకు ఎక్కించడం

ముందు అర అంగుళం ప్లైవుడ్ షీటును వెనక పలకగా స్టడ్స్‌కు బిగించాలి. దాని మీద ఒక్కో పట్టీనీ జిగురు పూసి, స్టడ్ ఉన్న ప్రతిచోటా స్క్రూ వేయాలి. నేల మీద మొత్తం పలక తయారుచేసి ఎత్తాలనుకుంటే వంద పౌండ్ల దాకా తూగుతుంది. పట్టీ పట్టీగా ఎక్కిస్తే ఇద్దరు మనుషులకు సులువు.

కింది పట్టీ ఒక్కటి రసమట్టం పెట్టి తిన్నగా బిగిస్తే, మిగతావి దాన్ని అనుసరిస్తాయి. సందు సమానంగా రావడానికి మూడు నూళ్ళ మందం చెక్క ముక్కలు నాలుగు కోసి పట్టీల మధ్య పెట్టుకోవాలి. స్క్రూ తలలకు ముందే గుంట తీసుకుంటే పైకి పొడుచుకు రావు.

స్క్రూ పొడవు విషయంలో జాగ్రత్త. పట్టీ ముప్పావు, వెనక పలక అర, జిప్సం అర అంగుళం. మొత్తం ఒకటి ముప్పావు. రెండు ముప్పావు అంగుళాల స్క్రూ అయితే స్టడ్‌లోకి అంగుళం దిగుతుంది. ఎక్కువ పట్టు కోసం నాలుగంగుళాల స్క్రూ వేద్దామనిపిస్తుంది. వద్దు. స్టడ్‌కు చిల్లు వేసి లాగిన కరెంటు తీగలు దాని అంచు నుంచి కనీసం అంగుళంపావు లోపలికి ఉండాలని, లేకపోతే అక్కడ ఉక్కు రేకు అడ్డం పెట్టాలని ఇక్కడి విద్యుత్ నియమం. అంగుళం దిగే స్క్రూ ఆ లెక్కలో ఉంటుంది. నాలుగంగుళాలది తీగను కొరకవచ్చు.

ప్లగ్ పాయింట్లు ఉన్న గోడను వదిలి వేరే గోడ ఎంచుకోవడం మంచిది. తప్పనిసరైతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. బ్రేకర్ ప్యానెల్ ఉన్న చోటికి అసలు వెళ్ళొద్దు. దాని ముందు మూడడుగుల లోతు, ముప్పై అంగుళాల వెడల్పు ఖాళీగా ఉండాలి.

వేళ్ళు, ఊపిరి, మంట

మనలో చాలామందికి టేబుల్ సా కొత్త. అమెరికాలో ఏటా వేల మంది దానివల్ల గాయపడి ఆస్పత్రికి వెళ్తున్నారు. సన్నని పట్టీలు కోసేటప్పుడు చేతితో నెట్టకుండా పుష్ స్టిక్ వాడాలి. బ్లేడు వెనకుండే రివింగ్ నైఫ్ తీసేయకూడదు. అది చెక్క వెనక్కి విసిరికొట్టకుండా చూస్తుంది. చేతికి గ్లోవ్స్, వదులు చొక్కా, మెడలో గొలుసు, వేలాడే చున్నీ ఏవీ వద్దు. పిల్లలకు కొలవడం, గీయడం, జిగురు పూయడం ఇవ్వండి. బ్లేడు తిరుగుతున్నప్పుడు వాళ్ళు గ్యారేజీ బయటే ఉండాలి.

చెక్క పొడిని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే కారకాల జాబితాలో చేర్చింది. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, యంత్రానికి వ్యాక్యూమ్ గొట్టం, తెరిచి ఉంచిన గ్యారేజీ తలుపు. ప్లైవుడ్, ఎండీఎఫ్ జిగుర్లలో ఫార్మాల్డిహైడ్ ఉండొచ్చు కాబట్టి, కొనేటప్పుడు షీటు మీద ‘టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్’ అన్న ముద్ర చూసుకోవాలి. గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటే పొడి లేచే పనీ, పాలిష్ పనీ దాని దగ్గర పెట్టుకోవద్దు. నూనె పాలిష్ తుడిచిన గుడ్డలను ముద్ద చేసి చెత్తబుట్టలో పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. విప్పి, బయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

ఏం తగిలించాలి?

క్రికెట్ బ్యాట్లు, ప్యాడ్లు, గొడవలి, పారలు, పైపు చుట్ట, మడత కుర్చీలు, సైకిల్ హెల్మెట్లు, పనిముట్లు. ఇవన్నీ హాయిగా వేలాడతాయి. మడత కుర్చీల్లాంటి బరువైనవి స్టడ్ గీత మీదుగా వచ్చేలా, కింది వరసల్లో పెట్టాలి. బియ్యం బస్తాలూ, వెట్ గ్రైండరూ, నిండు సూట్‌కేసులూ గోడ మీదికి ఎక్కకూడదు. గాడి అంచు మందం మూడు నూళ్ళే అన్నది మర్చిపోవద్దు. పిల్లలు నిలబడే చోటికి, కారు తలుపు తెరిచే చోటికి పైన గట్టి ఇనుప సామాను ఏదీ ఉండకూడదు.

లెక్క చూస్తే

రెండు షీట్లు, జిగురు, స్క్రూలు, పాలిష్ కలిపి నాకు అయింది నూటయాభై డాలర్ల లోపే. కొక్కేలు అదనం. కానీ టేబుల్ సా, రూటర్ కొత్తగా కొనాల్సి వస్తే ఆదా అన్నమాటే ఉండదు. పనిముట్లు అరువిచ్చే గ్రంథాలయాలు ఈ దేశంలో ఉన్నాయి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచే ఇస్తోంది. మీ ఊరి లైబ్రరీలోనో, మేకర్‌స్పేస్‌లోనో అడిగి చూడండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు యజమాని అనుమతి తీసుకున్నాకే గోడ ముట్టుకోవాలి.

డబ్బు లెక్క పక్కన పెడితే ఇంకో లెక్క ఉంది. ఇక్కడ స్థిరపడిన మన ఇళ్ళకు ఏడాదికోసారి అమ్మానాన్నలు వస్తారు. ఊళ్ళో క్షణం తీరిక లేనివాళ్ళు ఇక్కడ సోఫాలో కూర్చుని వీధిలోకి చూస్తుంటారు. వాళ్ళను గుళ్ళకూ, నయాగరాకూ తీసుకెళ్తాం. వాళ్ళ చేతుల్లో ఉన్న విద్యను మాత్రం అడగం. కుట్టుపని వచ్చిన అత్తగారు, మొక్కలు తెలిసిన మావయ్య, రంపం పట్టిన నాన్న... ఎవరి దగ్గర ఏముందో అడిగితే చెబుతారు. నాన్న వెళ్ళే ముందు ‘‘చదువుకున్నాక చేస్తే పనికి మర్యాద ఉంటుందన్నమాట’’ అన్నారు. అందులో సంతోషం ఎంతో, బాధ ఎంతో నాకు తెలియదు. చదువు లేకుండా నలభై ఏళ్ళు అదే పని చేసినప్పుడు దక్కని మర్యాద అది.

రెండో గోడకు కావాల్సిన షీట్లు కొనాలి. ఈసారి కొలతల కాగితం మా అమ్మాయి రాసింది. పైన ఇంగ్లీషు భిన్నాలు, పక్కన వంకర తెలుగు అక్షరాల్లో ‘5 నూళ్ళు, 3 నూళ్ళు’. ఫోనులో అది చూసి తాతయ్య ఒక అంకె దిద్ది పంపారు.